టవరా, వీధి స్తంభమా? కరెంటు తీగల దగ్గర రిమోట్ కారుకు ఏ రేడియో మేలు

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాల్లో రిమోట్ కారు తిప్పాలనుకునే వారికి కారు కన్నా చోటు దొరకడమే కష్టం. కొండల నడుమ చదును నేల ఎక్కడ ఉంటే ఊరూ, పొలాలూ, రైలు పట్టాలూ, కరెంటు తీగలూ అన్నీ అక్కడే సర్దుకుంటాయి. పైగా మాచ్‌ఖండ్, బలిమెల, ఎగువ కొలాబ్ జల విద్యుత్ కేంద్రాలున్న సీమ ఇది, టవర్లకు కొదవ లేదు. జీడి, నీలగిరి తోటల్లో టవర్ల కింద చెట్లు ఎదగనివ్వకుండా వదిలే దారి 132 కేవీ (కిలోవోల్టులు, ఒక్కోటి వెయ్యి వోల్టులు) లైనుకు 27 మీటర్లు, 220 కేవీకి 35, 400 కేవీకి 46 మీటర్ల వెడల్పు ఉంటుంది. కుర్రాళ్లకు అంతకన్నా మంచి మైదానం ఏముంటుంది? తీరా అక్కడికి వెళ్లాక కారు మాట వినదు. చక్రాలు వాటంతట అవే అటూ ఇటూ కొట్టుకుంటాయి, ఆపితే ఆగదు. పైన లక్షల వోల్టులు పోతుంటే బొమ్మ కారు ఎలా నడుస్తుందని చుట్టూ ఉన్నవారు తేల్చేస్తారు.

ఆ తీర్పులో సగమే నిజం. ఎండ రోజున పొడి నేల మీద కారును తికమక పెట్టేది చాలాసార్లు ఆకాశమంత టవరు కాదు, పక్కనే గట్టు మీద వంగి నిలబడ్డ 11 కేవీ స్తంభం. కొన్నిసార్లు స్తంభం కూడా కాదు, కారులోని మోటారే. అందుకే ఏ రేడియో కొనాలన్న ప్రశ్నకు జవాబు, తప్పు ఎక్కడ ఉందో తేల్చుకున్నాకే దొరుకుతుంది.

తీగలు ఏం చేస్తాయి

తీగలో పారే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తాలు తిరుగుతుంది. బొమ్మ కారు రేడియో తరంగం సెకనుకు 2 కోట్ల 70 లక్షల సార్లు కంపిస్తుంది, అంటే 27 మెగాహెర్ట్జ్. కొత్త తరం సెట్లలో అది 240 కోట్లు, అంటే 2.4 గిగాహెర్ట్జ్. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం చూస్తే ఆ 50 వల్ల రేడియోకు వచ్చే నష్టం ఏమీ లేదని తెలుస్తుంది. నష్టం చేసేవి తీగల దగ్గర రేగే సన్నని మెరుపులు, నిప్పురవ్వలు.

వాటిలో ఒకటి కరోనా. చాలా ఎక్కువ వోల్టేజి ఉన్న తీగ చుట్టూ గాలి విద్యుదీకరణ చెంది సన్నగా బుసకొడుతుంది. 220, 400 కేవీ లైన్ల కింద నిలబడితే చెవికి వినిపించే చిటపట అదే. తీగ తడిస్తే ఇది పెరుగుతుంది. వాన, మంచు, చలికాలం తెల్లవారుజామున కొరాపుట్ కొండల మీద కమ్ముకునే పొగమంచు దీనికి అనువైన వేళలు. అయితే దీని రేడియో శబ్దం తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే బలంగా ఉంటుంది, 30 మెగాహెర్ట్జ్ దాటేసరికి బాగా నీరసిస్తుంది.

రెండోది సందులో పుట్టే నిప్పురవ్వ. వదులైన బోల్టు, తుప్పు పట్టిన క్లాంపు, నెరలు విచ్చిన పింగాణీ ఇన్సులేటరు, దాన్ని చుట్టి బిగించిన కట్టుతీగ సడలిన చోటు. వీటిలో వెంట్రుకవాసి సందు ఏర్పడితే చాలు, వోల్టేజి శిఖరానికి చేరిన ప్రతిసారీ, అంటే సెకనుకు వంద సార్లు, అక్కడ రవ్వల గుంపు దూకుతుంది. దీని శబ్దం వందల మెగాహెర్ట్జ్ వరకు పాకుతుంది. పెద్ద టవర్ల మీద తీగ బరువుకే అతుకులన్నీ బిగుసుకుని ఉంటాయి కాబట్టి ఈ జబ్బు అక్కడ తక్కువ. ఈదురుగాలికి ఊగుతూ ఏళ్ల తరబడి బిగింపు చూడని 11, 33 కేవీ స్తంభాలకు ఎక్కువ. వాన పడితే నీరు ఆ సందును పూడుస్తుంది, రవ్వ ఆగుతుంది. అందువల్ల వాతావరణమే మంచి సాక్షి. మండుటెండలో కొట్టుకున్న కారు జల్లు పడి వెలిసిన వెంటనే బుద్ధిగా నడిస్తే స్తంభాన్ని అనుమానించండి. మంచు కురిసే వేళ పెద్ద లైను కింద మాత్రమే చెడితే అది కరోనా.

ఏ లైను కింద నిలబడ్డామో తెలుసుకోవడానికి ఇన్సులేటరు బిళ్లలు లెక్కపెట్టడం పాత పద్ధతి. నిలువుగా వేలాడే పింగాణీ బిళ్లల వరుసలో మూడు ఉంటే 33 కేవీ. దాదాపు తొమ్మిది ఉంటే 132, పధ్నాలుగు ఉంటే 220, ఇరవై మూడు ఉంటే 400. జయపురం నుంచి గాజువాక వైపు వెళ్లే 400 కేవీ లైను టవర్లను రోడ్డు మీద నుంచే ఇలా పోల్చవచ్చు. ఇప్పుడు చాలా చోట్ల పింగాణీ పోయి బూడిద రంగు పాలిమర్ కడ్డీలు వచ్చాయి, అక్కడ ఈ లెక్క పనిచేయదు. కొరాపుట్, రాయగడ మీదుగా పోయే రైలు మార్గాల పైతీగ 25 కేవీ. రైలింజను మీది పాంటోగ్రాఫ్ తీగను రాసుకుంటూ పోయేటప్పుడు రాలే రవ్వలు కూడా రేడియోకు శత్రువులే. కాకపోతే రైలుతో పాటే వెళ్లిపోతాయి. పట్టాల పక్కన కారు ఎలాగూ తిప్పకూడదు.

ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ ఉంటే దానికి మించిన పరికరం లేదు. మీడియం వేవ్‌లో స్టేషను లేని చోట ముల్లు నిలిపి, శబ్దం పెంచి, తీగల వెంట నడవండి. గరగరమని కోసే ఒకే తీరు మోత పెరుగుతూ పోయే వైపు దోషి స్తంభం ఉంటుంది. ఈ శబ్దం తీగ వెంట ప్రయాణిస్తుంది కాబట్టి, మీ నెత్తి మీద వినిపించేది మూడు నాలుగు స్తంభాల అవతల పుట్టి ఉండవచ్చు. మీడియం వేవ్‌లో మోగినంత మాత్రాన 27 మెగాహెర్ట్జ్ కూడా చెడిందని అనుకోవద్దు. షార్ట్ వేవ్ ఉన్న రేడియో అయితే దాన్ని చివరి అంచుకు, 20 మెగాహెర్ట్జ్ దరిదాపులకు జరిపి మళ్లీ వినండి. అక్కడా మోగుతుంటే బొమ్మ కారుకు ఆ చోటు పనికిరాదు. మోత సన్నగిల్లే దాకా నడిచి, అక్కడ కారు దించండి.

ముందు కారును శంకించండి

దీని మీద కాస్త ఎక్కువసేపు నిలుస్తాను, ఎందుకంటే కొత్త రేడియో కొని కూడా తిప్పలు పడేవారు చాలామంది ఇక్కడే దొరికిపోతారు. కార్బన్ బ్రష్‌లున్న మోటారు తిరుగుతున్నంతసేపూ లోపల రవ్వలు రాలుతూనే ఉంటాయి. పది మీటర్ల ఎత్తున ఉన్న స్తంభం రవ్వ కన్నా, కారులో సంకేతాన్ని అందుకునే రిసీవరుకు నాలుగు వేళ్ల దూరంలో ఉన్న ఈ రవ్వ మేలు చేస్తుందా?

కారు మూత విప్పి మోటారు వెనుక చూడండి. నాణ్యమైన మోటారుకు సెనగబద్దంత సెరామిక్ కెపాసిటర్లు మూడు అతికించి ఉంటాయి, రవ్వల మోతను అణిచేవి అవే. ఒకటి రెండు టెర్మినళ్ల మధ్య, మిగతా రెండు ఒక్కో టెర్మినల్ నుంచి మోటారు ఇనుప తొడుగుకు. వాటి మీద 104 అని ఉంటే 0.1 మైక్రోఫారడ్ అని అర్థం. చవక బొమ్మల్లో ఒకటే ఉంటుంది, లేదా అసలు ఉండదు. టీవీ, ఫోను మరమ్మతు చేసే దుకాణంలో కొద్ది రూపాయలకు ఇవి దొరుకుతాయి. తొడుగును గరుకు కాగితంతో రుద్ది మెరిపించకపోతే సోల్డరు అంటుకోదని మాత్రం గుర్తుంచుకోండి. బ్రష్‌లు లేని మోటారు ఉన్నవారికి ఈ గొడవ లేదు.

ఆ తర్వాత యాంటెన్నా. రిసీవరు తీగ మోటారు తీగలను రాసుకుంటూ పోకూడదు, అల్యూమినియం ఛాసిస్‌కు అంటుకుని పడుకోకూడదు. 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 11 మీటర్లు. పావు తరంగం యాంటెన్నా కావాలన్నా దాదాపు 2.8 మీటర్లు పడుతుంది, బొమ్మలో ఉండేది జానెడు ముక్క. అసలే తక్కువ ఉన్నదాన్ని చుట్టచుట్టి లోపల కుక్కితే ఇంకేం వింటుంది? 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పన్నెండున్నర సెంటీమీటర్లే. ఆ రిసీవరు తీగ చివర పైతొడుగు తీసేసిన 31 మిల్లీమీటర్ల కొసే అసలు యాంటెన్నా, మిగతాది దాన్ని మోసే కేబులు. ఆ కొసను ప్లాస్టిక్ గొట్టంలో నిటారుగా నిలపాలి. అందంగా లేదని కత్తిరించారో, కారు దృష్టి పోయినట్టే.

మూడోది బ్యాటరీ. స్టీరింగును తిప్పే చిన్న మోటారు, అంటే సర్వో, గట్టిగా తిరిగినప్పుడు వోల్టేజి ఒక్కసారి పడిపోయి రిసీవరు ఆరి మళ్లీ వెలుగుతుంది. బయటికి అది అచ్చం రేడియో చెడినట్టే కనిపిస్తుంది.

తేల్చుకోవడం తేలిక. తీగలు లేని చోట కారును ఇటుకల మీద ఎత్తి, చక్రాలు గాల్లో ఉంచండి. ఒకరు ట్రాన్స్‌మిటరు (చేతి రిమోటు) పట్టుకుని దూరం నడుస్తూ ముందు స్టీరింగు మాత్రమే తిప్పాలి, ఆ తర్వాత మోటారు కూడా నడపాలి. మోటారు తిరిగినప్పుడే చక్రాలు వణికితే కరెంటు ఆఫీసు మీద కోపం పెట్టుకోవద్దు.

ఏ సెట్టుకు ఎంత ఓర్పు

మజ్జిగౌరమ్మ జాతర దుకాణాల్లో, బరంపురం, విజయనగరం బజార్లలో వెయ్యి రూపాయల లోపు దొరికే బొమ్మ కార్లలో 27 మెగాహెర్ట్జ్‌వి ఇంకా చాలా ఉన్నాయి. మన దేశంలో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదు. వీటి రిసీవరు చాలా సాదా రకం. తనకు కావలసిన సంకేతాన్ని మాత్రమే వేరు చేసి వినలేదు, చుట్టుపక్కల మోతంతా లోపలికి రానిస్తుంది, జాతరలో తప్పిపోయిన పిల్లవాడిలా ఏ పిలుపు తనదో తెలియక నిలబడిపోతుంది. అందుకే తీగల కింద అన్నిటికన్నా ముందు పడిపోయేది ఇదే. ఒకే ఫ్రీక్వెన్సీ బొమ్మలు రెండు కలిస్తే ఒక రిమోటుకు రెండు కార్లూ కదులుతాయి.

అయినా దీనికి ఒక సుగుణం ఉంది, అది దుకాణాదారు కూడా చెప్పడు. బటన్ నొక్కినంతసేపే రిమోటు కోడ్ పంపుతుంది. ఆ కోడ్ సరిగ్గా అందకపోతే కారు ఆగుతుంది. ఆగుతూ కదులుతూ విసిగిస్తుంది తప్ప పరుగెత్తి ఎవరి కాలికో తగలడం అరుదు. ఆరేళ్ల పిల్లవాడికి, ఇంటి ముంగిట్లో ఆడటానికి ఇది చాలు. వీధిలో ప్లాస్టిక్ తొడుగు కప్పిన మెలికల కేబులు వేసి ఉంటే అక్కడ రవ్వల బెడద ఇంకా తక్కువ.

ప్రమాదమంతా పాత అభిరుచి సెట్లతో. ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్ ముక్కను మార్చుకునే 27 మెగాహెర్ట్జ్ ఏఎం సెట్లు, విదేశాల్లో ఉన్న బంధువులు తెచ్చి ఇచ్చిన 75 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం సెట్లు ఇంకా కొందరి అటకల మీద ఉన్నాయి. ఇవి స్టీరింగునూ వేగాన్నీ మీటర్ ముల్లులా కొద్దికొద్దిగా మార్చగలవు కాబట్టి బొమ్మల కన్నా గొప్పవి. ఆ గొప్పే ముప్పు. ఏఎం రిసీవరు తరంగం ఎత్తును చూసి అర్థం చేసుకుంటుంది, నిప్పురవ్వ చేసేది కూడా ఆ ఎత్తును చెడగొట్టడమే. రవ్వల మోతను ఆజ్ఞ అనుకుని సర్వో ఒక్కసారిగా చివరికంటా కొట్టుకుంటుంది. పెట్రోలు లేదా నైట్రో ఇంజను కారు అయితే పూర్తి వేగంతో దూసుకుపోవచ్చు. ఎఫ్ఎం రిసీవరు ఎత్తులోని మార్పులను కోసిపారేస్తుంది కాబట్టి చాలా మెరుగు, కానీ సంకేతం బలహీనపడిన దూరంలో అదీ చేతులెత్తేస్తుంది. 75 మెగాహెర్ట్జ్ అమెరికాలో నేల మీది మోడళ్లకు కేటాయించినది, అక్కడి ఏర్పాటు ఇక్కడ చెల్లదు. ఎంత మంచి పేరున్న కంపెనీదైనా, ఎంత తక్కువకు ఇస్తామన్నా ఇప్పుడు ఇలాంటి సెట్టు కొనకండి. ఉన్నవారు అల్మారాలో పెట్టి చూసుకోండి.

ఇక 2.4 గిగాహెర్ట్జ్. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఈ పట్టీకి మన దేశంలో 2005లో లైసెన్సు మినహాయింపు వచ్చింది. కరోనా ఇంత ఎత్తుకు రాదు. స్తంభం రవ్వ ఇక్కడికి చేరేసరికి చప్పబడిపోతుంది. కేవలం కరెంటు తీగల లెక్క చూస్తే ఇక్కడితో పోటీ ముగిసింది. కానీ పెట్టె మీద 2.4 అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. చవక బొమ్మల్లో కొన్ని ఒకే ఫ్రీక్వెన్సీ మీద కూర్చుని ఉంటాయి. పక్కింటి వైఫై అదే చోట ఉంటే ఇబ్బంది పడతాయి. మంచి సెట్లు క్షణక్షణం ఫ్రీక్వెన్సీ మారుస్తూ పోతాయి, ఒక చోట అడ్డం వచ్చినా మరో చోట మాట అందుతుంది. టార్పెడోల కోసం ఇలాంటి ఆలోచనకే సినీ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ 1942లో పేటెంట్ పొందారు. ఫ్లైస్కై, ఫుటాబా, సాన్వా వంటి కంపెనీలు తమ తమ పద్ధతులకు వేరే పేర్లు పెట్టుకున్నాయి. ఒకరి ట్రాన్స్‌మిటరు ఇంకొకరి రిసీవరుతో జత కట్టదు. ఒకే కంపెనీలోనూ పాత తరం పద్ధతి, కొత్త తరం పద్ధతి కలవకపోవచ్చు. విడి రిసీవరు కొనేటప్పుడు ఆ పద్ధతి పేరు చూసి కొనండి.

దూరం ఎంత వస్తుందని అందరూ అడుగుతారు. రెండు వందల మీటర్ల అవతల బొమ్మ కారు ఎటు తిరిగి ఉందో కంటికి కనబడదు, ఇక ఆ దూరం ఎవరికి? అడగవలసింది ఫెయిల్‌సేఫ్ గురించి. సంకేతం తెగిపోయిన క్షణంలో వేగం సున్నాకు రావాలి, లేదా బ్రేకు పడాలి. చాలా సెట్లలో ఇది మనం అమర్చుకోవలసిన పని. అమర్చాక పరీక్షించడం ఇంకా ముఖ్యం. చక్రాలు గాల్లో ఎత్తి, కారు నడుస్తుండగా ట్రాన్స్‌మిటరు ఆపేయండి. చక్రాలు ఆగాలి. ఆగని కారును తీగల కిందకే కాదు, ఎక్కడికీ తీసుకెళ్లకండి.

2.4 లోపం వేరే చోట ఉంది. ఈ తరంగాలు దాదాపు చూపులా నేరుగా పోతాయి. మట్టిగట్టు, బండరాయి, తడిసిన పొద, చివరికి మన ఒళ్లు అడ్డం వచ్చినా నీరసిస్తాయి. వరి కోతలయ్యాక మడుల్లో కారు తిప్పేవారు పల్లంలో నిలబడకుండా గట్టెక్కి నిలబడాలి. ట్రాన్స్‌మిటరు యాంటెన్నా కొసను కారు వైపు గురిపెట్టకూడదు. కొస వైపు వెలువడే శక్తి అన్నిటికన్నా తక్కువ, పక్కల నుంచే ఎక్కువ.

రాళ్ల మీద నెమ్మదిగా పాకే క్రాలర్ కార్ల వాళ్లకు, కొరాపుట్ వైపు వీటికి కావలసినన్ని బండలున్నాయి కదా, ఈ నీడల బాధ ఎక్కువ. అలాంటివారిలో కొందరు ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ అనే పద్ధతిలో 866 మెగాహెర్ట్జ్ వాడతారు. తరంగం 35 సెంటీమీటర్లు కాబట్టి అడ్డంకులను కొంచెం బాగా చుట్టివస్తుంది. బయటి నుంచి వచ్చే మాడ్యూళ్లు యూరప్ 868కో అమెరికా 915కో అమర్చి ఉంటాయి, వాటిని మన 866 పట్టీకి మార్చాకే వాడాలి. కంప్యూటర్‌తో సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఓపిక ఉన్నవారికి సరదాగానే ఉంటుంది. నా దృష్టిలో నేల మీది కారుకు ఇంత హంగు అక్కర్లేదు. క్రాలర్ ఆగిపోతే నాలుగు అడుగులు వేసి తెచ్చుకోవచ్చు.

కాబట్టి చిన్న పిల్లలకు, ఇంటి ముందు ఆటకు ఏ బొమ్మైనా సరే. రెండు కార్లు కలిపి ఆడతారంటే మాత్రం 2.4వి తీసుకోండి. హైస్కూలు పిల్లవాడు పొలాల్లో, టవర్ల దారిలో తిప్పుతానంటే కారు కొంచెం చిన్నదైనా పర్వాలేదు, ఫ్రీక్వెన్సీ మార్చుకునే సెట్టు ఉన్నదే కొనివ్వండి. పాత కారు బాగుండి రేడియో ఒక్కటే పాతదైతే కారు పారేయనక్కర్లేదు. సర్వో, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం) విడివిడిగా ఉన్న కారైతే ట్రాన్స్‌మిటరు, రిసీవరు మార్చి అదే సర్వోలు తగిలించవచ్చు. బొమ్మల్లో అన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి, వాటితో ఈ పని కాదు. ఇంజను కారుకైతే ఫెయిల్‌సేఫ్ ఉన్న సెట్టు తప్ప వేరే ఎంపిక లేదు.

సెట్టు ఏదైనా ఒక హద్దు దాటకండి. ట్రాన్స్‌ఫార్మర్ కంచెలోకి, సబ్‌స్టేషన్ గోడ లోపలికి కారు పోతే వెదురు కర్రతోనో ఇనుప చువ్వతోనో లాగాలని చూడవద్దు. సిబ్బంది వచ్చేదాకా ఆగండి, రాకపోతే కారు పోయిందనుకోండి.

ట్రాన్సిస్టర్‌తో దోషి స్తంభం దొరికినవారు దాన్ని కర్రతో తట్టి చూడటం, స్తంభాన్ని నేలకు లాగి పట్టే స్టే వైరు ఊపడం చేయకండి. స్తంభం మీద రాసిన నంబరు గుర్తుపెట్టుకుని 1912కు ఫోను చేయండి, లేదా మీ వీధికి వచ్చే లైన్‌మన్‌కు చెప్పండి. రాత్రి చీకట్లో దూరం నుంచి చూస్తే ఇన్సులేటరు దగ్గర నీలి మెరుపు కనిపించవచ్చు, కనిపిస్తే అదీ చెప్పండి. రిమోట్ కారు సరిగ్గా నడవడం లేదని చెబితే మీ ఫిర్యాదు ఎవరూ రాసుకోరు. ఫలానా నంబరు స్తంభం మీద ఇన్సులేటరు దగ్గర రవ్వలు రాలుతున్నాయని చెబితే నిచ్చెన వస్తుంది.